విజిల్ ఎవరికి వినబడింది?

2023 మార్చి 3, శుక్రవారం రాత్రి. బెంగళూరు శ్రీ కంఠీరవ స్టేడియం. ఇండియన్ సూపర్ లీగ్ నాకౌట్ మ్యాచ్. తొంభై నిమిషాలు గడిచినా రెండు వైపులా గోల్ లేదు. ఎక్స్‌ట్రా టైమ్ మొదలై ఆరేడు నిమిషాలైంది. ఈ రాత్రి ఓడినవాళ్లకు సీజన్ ఇక్కడితో సరి. కేరళ బ్లాస్టర్స్ పెనాల్టీ బాక్స్‌కు కాస్త బయట బెంగళూరు ఎఫ్‌సీకి ఫ్రీకిక్ దొరికింది. బంతి దగ్గర సునీల్ ఛెత్రీ నిలబడ్డాడు. ఎదురుగా పసుపు జెర్సీలవాళ్లు గోడ కట్టుకుంటున్నారు. గోల్‌కీపర్ ప్రభ్‌సుఖన్ గిల్ ఆ గోడను ఎటు జరపాలో చెప్పే పనిలో ఉన్నాడు. సరిగ్గా అప్పుడే ఛెత్రీ బంతిని తన్నేశాడు. కాపలా లేని గోల్‌లోకి అది నేరుగా పోయి పడింది.

నీలం జెర్సీల వైపు స్టేడియం లేచి అరిచింది. పసుపు జెర్సీల వైపు ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. రిఫరీ క్రిస్టల్ జాన్ గోల్ ఇచ్చారు. బ్లాస్టర్స్ ఆటగాళ్లు ఆయన చుట్టూ మూగారు. విజిల్ ఊదలేదు కదా, గోడ ఇంకా కట్టనేలేదు కదా, గోల్ ఎలా ఇస్తారన్నది వాళ్ల వాదన. కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ గీత దాటి మైదానంలోకి వచ్చారు. మా జట్టు ఇక ఆడదన్నట్టు చేత్తో సైగ చేశారు. ఆటగాళ్లు ఒకరి వెనక ఒకరు డ్రెస్సింగ్ రూమ్ దారి పట్టారు. నాకౌట్ మ్యాచ్‌లో ఒక జట్టు మొత్తం ఆట మధ్యలో వెళ్లిపోవడం ఐఎస్ఎల్‌లో అదే మొదటిసారి. ఇరవై నిమిషాలకు పైగా ఎదురుచూశాక బెంగళూరు 1-0తో గెలిచినట్టు ప్రకటించారు.

ఆ రాత్రి మొదలైన వాదన ఇప్పటికీ తెగలేదు. ఛెత్రీ పేరెత్తితే చాలు, పసుపు వాళ్లూ నీలం వాళ్లూ మళ్లీ మొదటికొస్తారు.

మదనపల్లె బస్సులో ఇద్దరు

కంఠీరవ స్టేడియం మనకు దూరం కాదు. మదనపల్లె నుంచి బెంగళూరు నూట ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. కుప్పం నుంచి పొద్దున రైలెక్కి పనికి పోయి, రాత్రికి తిరిగొచ్చేవాళ్లు వందల్లో ఉన్నారు. నిమ్మనపల్లె, పుంగనూరు పక్క ఊళ్ల కుర్రాళ్లకు గోడౌనైనా, ఐటీ కంపెనీ అయినా, క్యాబ్ స్టీరింగ్ అయినా బెంగళూరే బతుకుతెరువు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ తప్ప ఇంకో ఆట ఎరగనివాళ్లు అక్కడ రూమ్‌మేట్ వెంట ఒకసారి స్టేడియానికి వెళ్లి ఫుట్‌బాల్ పిచ్చి పట్టించుకుని వస్తారు. రూమ్‌మేట్ కన్నడిగుడైతే బెంగళూరు ఎఫ్‌సీ, మలయాళీ అయితే బ్లాస్టర్స్.

ఆ గొడవ జరిగిన కొద్దిరోజులకు మదనపల్లెలో బెంగళూరు బస్సెక్కాను. ముందు సీట్లో ఇద్దరు కుర్రాళ్లు. ఒకరిది నిమ్మనపల్లె, ఇంకొకరిది పుంగనూరు అవతల ఏదో పల్లె. బస్సు కదలకముందే మాట అంటుకుంది.

"విజిల్ ఊదకనే ఎట్ల కొడతాడ్రా? గోలికి గోడ చూసుకునే టైమన్నా ఇయ్యల్ల గదా?"

"టైమ్ ఎందుకియ్యల్ల? ఫౌల్ చేసింది మీవోళ్లు. ఫ్రీకిక్ మాది. మాకిష్టమొచ్చినప్పుడు కొట్టుకుంటాం."

"వెంటనే కొట్టింటే సరేరా. అంతసేపు నిలబడుకోని, అందరూ గోడ కట్టుకుంటాంటే కొట్టేది మోసం కాదా?"

"రూల్ బుక్కులో ఉంటే మోసమెట్లయితాది?"

చింతామణి దాటేదాకా ఇదే నడిచింది. పక్క సీట్లోని పెద్దాయన రెండుసార్లు "మెల్లగా మాట్లాడుకోండి నాయనా" అన్నారు. వాళ్లకు వినబడలేదు. నాకు మాత్రం ఒక సంగతి తట్టింది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకడు చట్టం గురించి అడుగుతున్నాడు, ఒకడు న్యాయం గురించి అడుగుతున్నాడు. అసలు జవాబు మాత్రం మూడో మనిషి దగ్గరుంది. ఆయన బస్సులో లేరు. స్టేడియంలో ఉన్నప్పుడు కూడా ఆయన మాట ఎవరికీ వినబడలేదు.

నిబంధన ఏమంటుంది?

ఫ్రీకిక్ దొరికిన జట్టు దాన్ని వెంటనే తీసుకోవచ్చు. అందుకు విజిల్ అక్కర్లేదు. ఎదుటి జట్టు 9.15 మీటర్ల దూరం జరిగేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. ఫౌల్ చేసినవాడికి సర్దుకునే అవకాశం ఇవ్వకూడదన్నదే ఆ నిబంధన వెనకున్న ఆలోచన. ఇది బెంగళూరు వాళ్లకు బలం. అయితే రిఫరీ కల్పించుకుని, గోడను వెనక్కి జరపడం మొదలుపెట్టి, నేను విజిల్ ఊదాకే తన్నాలని సైగ చేస్తే మాత్రం ఆగి తీరాలి. ఆగకుండా కొట్టిన గోల్ చెల్లదు. ఇది బ్లాస్టర్స్ వాళ్లకు బలం.

అంటే వివాదమంతా ఒకే ప్రశ్న మీద నిలబడింది. ఆ కొన్ని క్షణాల్లో రిఫరీకి, ఛెత్రీకి మధ్య ఏం మాట జరిగింది?

ఛెత్రీ మ్యాచ్ తర్వాత తన వైపు కథ చెప్పాడు. నాకు విజిల్ వద్దు, గోడ వద్దు అని రిఫరీకి ముందే చెప్పానన్నాడు. కచ్చితమేనా అని ఆయన అడిగితే అవునన్నానని, పక్కనే ఉన్న బ్లాస్టర్స్ ఆటగాడు అడ్రియన్ లూనాకు కూడా ఆ మాట వినబడిందని అన్నాడు. అంతసేపు గడిచాక అది 'వెంటనే తీసిన' ఫ్రీకిక్ ఎలా అవుతుందని బ్లాస్టర్స్ అడిగింది. మ్యాచ్ మళ్లీ ఆడించాలని, రిఫరీ మీద చర్య తీసుకోవాలని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు ఫిర్యాదు చేసింది. సమాఖ్య క్రమశిక్షణ సంఘం ఆ ఫిర్యాదును తోసిపుచ్చింది. మార్చి నెలాఖరుకు శిక్షలు పడ్డాయి. మైదానం వదిలినందుకు క్లబ్బుకు 4 కోట్ల రూపాయల జరిమానా, బహిరంగ క్షమాపణ. క్షమాపణ చెప్పకపోతే జరిమానా 6 కోట్లు. కోచ్‌కు 10 మ్యాచ్‌ల నిషేధం, 5 లక్షల జరిమానా. ఏప్రిల్ మొదట్లో క్లబ్బూ కోచూ క్షమాపణ చెప్పారు.

నా అభిప్రాయం దాచుకోను. మైదానం వదిలి వెళ్లడం తప్పే. ఆ రాత్రి టికెట్ కొనుక్కుని కేరళ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన అభిమానికి ఇంకా ఇరవై నిమిషాలకు పైగా ఆట బాకీ ఉంది. గోల్ తిరగ్గొట్టే అవకాశం ఉంది. దాన్ని సొంత కోచే తీసేశారు. కానీ శిక్ష వేసినవాళ్లు అభిమానుల అసలు ప్రశ్నకు, అంటే అక్కడ రిఫరీ ఏమన్నారనే ప్రశ్నకు, అందరికీ వినబడేలా జవాబు చెప్పి ఉంటే ఆ వాదన అంతకాలం రగిలేది కాదు.

పదిహేను రోజులకే

అదే మార్చి 18. గోవాలోని ఫటోర్డా స్టేడియం. ఫైనల్. బెంగళూరుకు ఎదురుగా ఏటీకే మోహన్ బగాన్. ఈసారి కడుపు మండే వంతు నీలం జెర్సీలవాళ్లది.

85వ నిమిషం దాకా బెంగళూరు 2-1 ఆధిక్యంలో ఉంది. కప్పు చేతికందే దూరంలోకి వచ్చింది. అప్పుడు మోహన్ బగాన్ ఆటగాడు కియాన్ నసీరీ బాక్స్ అంచున పడిపోయాడు. పాబ్లో పెరెజ్ ఫౌల్ చేశాడని రిఫరీ పెనాల్టీ ఇచ్చారు. ఫౌల్ జరిగింది గీతకు లోపలా, బయటా? టీవీలో ఎన్నిసార్లు తిప్పి చూసినా చూసినవాళ్లు రెండు ముక్కలయ్యారు. దిమిత్రి పెట్రాటోస్ ఆ పెనాల్టీని గోల్ చేశాడు. 2-2. చివరికి షూటౌట్‌లో బెంగళూరు 4-3తో ఓడిపోయింది. షూటౌట్‌లో ఆఖరి తన్ను గోల్ పైనుంచి పంపేసింది కూడా పాబ్లో పెరెజే. గోరుచుట్టు మీద రోకటిపోటు. క్లబ్బు యజమాని పార్థ్ జిందాల్ ఈ లీగ్‌కు వీడియో రిఫరీ కావాలని బహిరంగంగానే రాశారు.

పదిహేను రోజుల ముందు రిఫరీ మాటే ఆఖరు మాట అన్నవాళ్లు, ఈ రాత్రి రిఫరీ కళ్లకేమైందని అడిగారు. పదిహేను రోజుల ముందు రిఫరీని తిట్టినవాళ్లు, నిబంధన తెలుసుకోండి అని పాఠం చెప్పారు. ఇందులో నవ్వుకోవాల్సింది లేదు. అభిమానం అంటేనే ఒక వైపు నిలబడి చూడటం. అటు నిలబడ్డవాడికి అటు నుంచే కనబడుతుంది. కాకపోతే పెనాల్టీ విషయంలో ఒక్క సంగతి ఇద్దరూ గుర్తుపెట్టుకోవాలి. బాక్స్ గీత బాక్స్‌లో భాగమే. గీత మీద ఫౌల్ జరిగినా పెనాల్టీయే. బయట పట్టుకుని లోపలిదాకా వదలకుండా లాగితే అదీ పెనాల్టీయే.

> గోల్‌కీపర్ తెచ్చిన శిక్ష
>
> పెనాల్టీని కనిపెట్టింది గోల్ కొట్టేవాడు కాదు, గోల్ కాచేవాడు. ఐర్లాండ్‌లోని మిల్‌ఫర్డ్ ఊరి గోల్‌కీపర్ విలియం మెక్రమ్ 1890లో ఈ ఆలోచన ముందుకు తెచ్చాడు. గోల్ పడబోతుంటే వెనకనుంచి కాలు అడ్డం పెట్టి ఆపేసేవాళ్లను చూసి విసిగిపోయాడట. పెద్దమనుషులు ఆడే ఆటలో కావాలని ఫౌల్ చేసేవాడు ఉంటాడా అని మొదట చాలామందికి కోపం వచ్చింది. 1891 జూన్ 2న గ్లాస్గోలో జరిగిన సమావేశంలో నిబంధన ఆమోదం పొందింది.
>
> దూరం 12 గజాలు, అంటే సుమారు 11 మీటర్లు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. తన్నే క్షణంలో గోల్‌కీపర్ కనీసం ఒక పాదమైనా గీత మీద, గీతకు సూటిగా, లేదా గీత వెనక ఉండాలి.
>
> సమంగా ముగిసిన మ్యాచ్‌ను తేల్చే షూటౌట్‌కు 1970లో అనుమతి వచ్చింది. అంతకుముందు లాటరీ తీసి విజేతను నిర్ణయించిన సందర్భాలున్నాయి. 1968 ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్ అలాగే ఇంటిముఖం పట్టింది.

కట్టిమణి రెండుసార్లు ఆపిన బంతి

తెలుగువాళ్లకు పెనాల్టీ అనగానే గుర్తుకురావాల్సిన రాత్రి 2022 మార్చి 20. అదే ఫటోర్డా. ఫైనల్లో హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్. కరోనా ఆంక్షల తర్వాత ప్రేక్షకులను రానిచ్చిన మ్యాచ్ అది. స్టాండ్స్ అంతా కేరళ అభిమానులతో పచ్చటి పసుపు. కానీ మైదానంలో పసుపు జెర్సీ వేసుకుంది హైదరాబాద్ జట్టు. లీగ్ పట్టికలో పైనున్న జట్టుగా ఆ హక్కు వాళ్లకే దక్కింది. బ్లాస్టర్స్ నలుపు జెర్సీతో దిగాల్సి వచ్చింది. దాని మీద కూడా మ్యాచ్‌కు ముందే ఒక వాదన నడిచింది.

68వ నిమిషంలో కె.పి. రాహుల్ గోల్‌తో బ్లాస్టర్స్ ముందంజ వేసింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతితో హైదరాబాద్ సమం చేసింది. షూటౌట్. హైదరాబాద్ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి నిషు కుమార్ తన్నును ఆపాడు. సంబరం మొదలయ్యేలోపే రిఫరీ చెయ్యెత్తారు. కీపర్ గీత వదిలి ముందుకొచ్చాడు, మళ్లీ తన్నాలి.

ఇలాంటి చోటే ఒక జట్టు కుప్పకూలేది. ఆపిన బంతి ఆపనట్టే అయిపోయింది. కట్టిమణి చేతులు దులుపుకుని గీత మీదికి వెళ్లి నిలబడ్డాడు. నిషు కుమార్ మళ్లీ తన్నాడు. కట్టిమణి మళ్లీ ఆపాడు. మొత్తం మూడు పెనాల్టీలు ఆపి 3-1తో హైదరాబాద్‌కు కప్పు తెచ్చాడు. ఆ రాత్రి రిఫరీ నిర్ణయం మీద ఎవరూ వాదించలేదు. బ్లాస్టర్స్ అభిమానికి న్యాయం దొరికింది, హైదరాబాద్ అభిమానికి కప్పు దొరికింది. రెండు వైపులా సమ్మతి దొరికిన అలాంటి పెనాల్టీ నిర్ణయాన్ని నేను మరొకటి చూడలేదు.

ఆ జట్టు ఇప్పుడు మన దగ్గర లేదు. డబ్బు కష్టాల్లో పడింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. డెక్కన్ లీజియన్ పేరుతో స్టాండ్స్‌లో పాడిన కుర్రాళ్లకు తిట్టుకోవడానికైనా సొంత జట్టు మిగల్లేదు. రిఫరీ తప్పు చేస్తే కడుపు మండుతుంది. జట్టే పోతే ఆ మంటకు కూడా చోటుండదు. అది ఇంకా పెద్ద నష్టం.

దోహాలో గీత దాటిన బంతి

2024 జూన్ 11. ఖతర్ రాజధాని దోహా. ప్రపంచ కప్ అర్హత పోటీల్లో భారత్ ఎన్నడూ చేరని మూడో రౌండుకు ఒక్క గెలుపు దూరం. అయిదు రోజుల ముందే కోల్‌కతాలో కువైట్ మీద ఛెత్రీ ఆఖరి అంతర్జాతీయ మ్యాచ్ ఆడేశాడు. అతను లేని జట్టుకు గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు కెప్టెన్. 37వ నిమిషంలో లాలియన్‌జువాలా ఛాంగ్టే గోల్ కొట్టాడు. 1-0.

73వ నిమిషంలో ఖతర్ ఆటగాడి హెడర్‌ను గుర్‌ప్రీత్ అడ్డుకున్నాడు. బంతి అతన్ని దాటి గోల్ పక్కనుంచి గీత అవతలికి దొర్లిపోయింది. కార్నర్ అనుకుని మన ఆటగాళ్లు ఆగిపోయారు. ఖతర్ ఆటగాడు ఒకరు బయటికి పోయిన బంతిని కాలితో లోపలికి లాగాడు. యూసఫ్ ఐమన్ దాన్ని గోల్‌లోకి కొట్టాడు. దక్షిణ కొరియా రిఫరీ కిమ్ వూ-సుంగ్ గోల్ ఇచ్చారు. ఆ దశ పోటీల్లో వీడియో రిఫరీ లేరు. 85వ నిమిషంలో ఖతర్ ఇంకో గోల్ కొట్టింది. భారత్ 2-1తో ఓడి ఇంటికొచ్చింది. సమాఖ్య ఫిఫాకు ఫిర్యాదు చేసింది. స్కోరు మారలేదు.

మన ప్రాంతానికి ఈ కథలో ఇంకో తీగ ఉంది. అదే రాత్రి కువైట్ 1-0తో అఫ్గానిస్థాన్‌ను ఓడించింది. దోహాలో భారత్ గెలిచి ఉంటే 8 పాయింట్లతో మూడో రౌండుకు మనం వెళ్లేవాళ్లం. మనం ఓడాం కాబట్టి 7 పాయింట్లున్న కువైట్ వెళ్లింది. రాయచోటి, పీలేరు, మదనపల్లె పక్క ఊళ్లలో కువైట్‌లో మనిషి ఉన్న ఇళ్లు వీధి వీధికీ కనబడతాయి. డ్రైవర్లుగా, ఇంటిపనివాళ్లుగా వెళ్లి ఏళ్ల తరబడి అక్కడే ఉన్నవాళ్లు. అన్నం పెట్టే దేశం, పుట్టిన దేశం ఒకే మెట్టు కోసం పోటీపడ్డాయి. గీత దాటిన ఒక్క బంతి ఆ మెట్టును ఇటు నుంచి అటు జరిపేసింది. ఏడాది ముందు, 2023 జులై 4న కంఠీరవలో ఇవే రెండు జట్ల మధ్య దక్షిణాసియా కప్ ఫైనల్ జరిగింది. 1-1తో సమమై షూటౌట్ దాకా వెళ్లింది. కువైట్ కెప్టెన్ ఖాలిద్ హాజియా తన్నును గుర్‌ప్రీత్ ఆపితే భారత్ 5-4తో గెలిచింది. ఆ రాత్రి సెలవు పెట్టి మన పక్క నుంచి కంఠీరవకు వెళ్లినవాళ్లను నేనెరుగుదును. దోహా రాత్రి వాళ్లు ఫోన్ పక్కన పడేసి మాట్లాడకుండా కూర్చున్నారు.

> వీడియో రిఫరీ ఏం చూస్తారు?
>
> వీఏఆర్ అని పిలిచే వీడియో సహాయ రిఫరీ అన్నిట్లోనూ కల్పించుకోరు. నాలుగే సందర్భాలు: గోల్ అవునా కాదా, పెనాల్టీ అవునా కాదా, నేరుగా ఇచ్చే రెడ్ కార్డు, ఒకరి బదులు ఇంకొకరికి కార్డు చూపడం. అది కూడా తప్పు స్పష్టంగా ఉంటేనే. ఆఖరి నిర్ణయం మైదానంలోని రిఫరీదే.
>
> ప్రపంచ కప్‌లో మొదటిసారి 2018లో రష్యాలో వాడారు. ఫ్రాన్స్, ఆస్ట్రేలియా మ్యాచ్‌లో గ్రీజ్‌మన్‌కు దక్కిన పెనాల్టీ వీఏఆర్ వల్ల వచ్చిన మొదటిది. ఆ ప్రపంచ కప్‌లో మొత్తం 29 పెనాల్టీలు ఇచ్చారు. అంతకుముందు ఏ ప్రపంచ కప్‌లోనూ అన్ని లేవు.

రిఫరీలకు మిగిలేది

1986 జూన్ 22న మెక్సికోలో మారడోనా చేత్తో కొట్టిన గోల్ గురించి తెలియనివాళ్లు లేరు. ఆ గోల్ ఇచ్చిన ట్యునీసియా రిఫరీ అలీ బెన్నాసెర్ గురించి తెలిసినవాళ్లు తక్కువ. చెయ్యి తగిలిందో లేదో తనకు కనబడక ఆయన బల్గేరియా లైన్స్‌మన్ బొగ్దాన్ దోచెవ్ వైపు చూశారు. అటునుంచి అభ్యంతరం రాలేదు. గోల్ ఇచ్చారు. ఇంగ్లండ్ అభిమానుల కోపం ఆ ఇద్దరినీ ఏళ్ల తరబడి వెంటాడింది. 2015లో మారడోనా ట్యునీసియా వెళ్లి బెన్నాసెర్ ఇంటి తలుపు తట్టాడు, సంతకం చేసిన అర్జెంటీనా జెర్సీ ఇచ్చి కౌగిలించుకున్నాడు. ఆ మ్యాచ్ బంతిని ముప్పై ఆరేళ్లు భద్రంగా దాచుకున్న బెన్నాసెర్ 2022లో వేలంలో అమ్మితే 20 లక్షల పౌండ్లు పలికింది. 1966 ఫైనల్లో బంతి గీత దాటిందని చెప్పి ఇంగ్లండ్‌కు గోల్ ఇప్పించిన లైన్స్‌మన్ తోఫిక్ బహ్రామోవ్‌ను జర్మన్లు క్షమించలేదు. ఆయన పుట్టిన అజర్‌బైజాన్ మాత్రం బాకూలోని పెద్ద స్టేడియానికి ఆయన పేరే పెట్టుకుంది.

మన హైదరాబాద్ కూడా ఒక ఫిఫా రిఫరీని కన్నది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేర్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు ఈ మధ్య సినిమా పుణ్యమా అని మళ్లీ అందరికీ తెలిసింది. ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడు. తండ్రే కోచ్ అయినా ఒక్క మ్యాచ్‌లోనూ దిగే అవకాశం రాలేదు. వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్‌గా పనిచేశారు, కోచ్‌గా జట్లను తీర్చిదిద్దారు, ఫిఫా గుర్తింపు పొందిన రిఫరీ అయి 1988లో ఆసియా క్లబ్ కప్ మ్యాచ్‌లకు విజిల్ పట్టారు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు. 2021 ఆగస్టు 22న కన్నుమూశారు. ఒకే ఇంట్లో తండ్రి జట్టును గెలిపించే పని చేస్తే, కొడుకు ఎవరు గెలిచినా సరే ఆట సరిగ్గా జరిగేలా చూసే పని చేశారు. మొదటి పని మీద సినిమాలొస్తాయి. రెండో పని గురించి ఒక వ్యాసం కూడా దొరకదు.

వాదన చెయ్యి దాటితే

ఇదంతా సరదా కాలక్షేపం అనుకునేవాళ్లు రెండు తేదీలు గుర్తుంచుకోవాలి. 1964 మే 24. పెరూ రాజధాని లిమాలో అర్జెంటీనాతో మ్యాచ్. ఆట ముగియబోతుండగా పెరూ గోల్‌ను రిఫరీ కొట్టేశారు. జనం మైదానంలోకి దూకారు. పోలీసులు బాష్పవాయువు వదిలారు. మూసి ఉన్న గేట్ల దగ్గర తొక్కిసలాటలో 328 మంది చనిపోయారు.

రెండోది మన దేశంలోనే. 1980 ఆగస్టు 16, కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్. ఆటగాళ్ల మధ్య ఘర్షణకు రిఫరీ రెడ్ కార్డు తీశారు. స్టాండ్స్‌లో పక్కపక్కనే కూర్చున్న రెండు జట్ల అభిమానులు తలపడ్డారు. 16 మంది ప్రాణాలు పోయాయి. మ్యాచ్ చూడ్డానికి టిఫిన్ డబ్బాతో బయల్దేరినవాళ్లు వాళ్లు. ఇప్పటికీ ఏటా ఆ రోజున కోల్‌కతాలో వాళ్లను తలుచుకుని రక్తదానం చేస్తారు.

తీర్పుకు కారణం చెప్పాలి

వీడియో వస్తే గొడవలు పోతాయా? పోవు. 2023 సెప్టెంబర్ 30న ఇంగ్లండ్‌లో టాటెన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ కొట్టిన మంచి గోల్‌ను ఆఫ్‌సైడ్ అని కొట్టేశారు. గదిలో కూర్చున్న వీడియో రిఫరీకి అది ఆఫ్‌సైడ్ కాదని తెలిసింది కూడా. కానీ మైదానంలో గోల్ ఇచ్చారనుకుని 'సరిగ్గానే ఉంది' అనేశారు. తప్పు తెలిసేసరికి ఆట మళ్లీ మొదలైపోయింది. లివర్‌పూల్ 2-1తో ఓడింది. మూడు రోజులకు ఆ గదిలోని మాటల రికార్డును బయటపెట్టారు. అభిమానుల కోపం తగ్గలేదు. అయితే అనుమానం మాత్రం తగ్గింది. కుట్ర కాదు, కంగారు అని చెవులారా విన్నారు. అంతకు రెండు నెలల ముందు, జులై 20న ఆక్లాండ్‌లో మహిళల ప్రపంచ కప్ మొదటి మ్యాచ్‌లో జపాన్ రిఫరీ యామాషిటా యోషిమి వీడియో చూసి వచ్చి, మైక్‌లో స్టేడియం మొత్తానికి వినబడేలా హ్యాండ్‌బాల్ అని, పెనాల్టీ అని ప్రకటించారు. న్యూజిలాండ్ ఆ పెనాల్టీని గోల్ చేయలేకపోయింది. నిర్ణయం మీద మాత్రం ఎవరికీ సందేహం మిగల్లేదు.

మన పల్లెల్లో రచ్చబండ మీద తీర్పు చెప్పే పెద్దమనిషి రెండు వైపులా విని, ఎందుకు అలా చెబుతున్నాడో పదిమంది ముందు చెప్పాల్సిందే. కారణం చెప్పని తీర్పును ఊరు ఒప్పుకోదు. ఓడినవాడు కూడా కారణం విన్నాక గొణుక్కుంటూనైనా లేచి పోతాడు. ఫుట్‌బాల్ ఇన్నాళ్లూ ఆ మర్యాద ఇవ్వలేదు. రిఫరీ చెయ్యెత్తుతారు, విజిల్ ఊదుతారు, కార్డు తీస్తారు. ఎందుకో చెప్పరు. చెప్పే వీలు ఆయనకు ఇవ్వలేదు కూడా. ఆ మౌనాన్ని అభిమానులు తమకు తోచిన మాటలతో నింపుకుంటారు. అమ్ముడుపోయాడని, పెద్ద క్లబ్బుకు భయపడ్డాడని. మన దేశంలో రిఫరీల్లో చాలామంది ఇంకో ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో విజిల్ పట్టేవాళ్లే. ఆ మాటలు వాళ్ల ఇంటిదాకా వెళతాయి, వాళ్ల పిల్లల స్కూలుదాకా వెళతాయి.

వీడియో గదులకు, పదుల కొద్దీ కెమెరాలకు డబ్బు కావాలి. మైక్‌కు అంత అక్కర్లేదు. మన లీగ్‌లో పెద్ద రిఫరీలు చెవిలో పరికరం పెట్టుకుని సహాయకులతో మాట్లాడుతూనే ఉన్నారు. వివాదం వచ్చిన మ్యాచ్ తర్వాత ఆ మాటలను రికార్డు చేసి బయటపెడితే సగం కోపం చల్లారుతుంది.

మండల స్థాయిలో ఇంకా సులువు. మన పక్క స్కూల్ టోర్నమెంట్లకు విజిల్ పట్టేది డ్రిల్లు సారే. పొద్దున కబడ్డీకి, మధ్యాహ్నం వాలీబాల్‌కి, సాయంత్రం ఫుట్‌బాల్‌కి ఆయనే రిఫరీ. గెలిచిన స్కూలు పిల్లలు ఆయన్ను భుజాల మీద ఎత్తుకోరు, ఓడిన స్కూలు పిల్లల తండ్రులు మాత్రం ప్రహరీ దగ్గర ఆపి నిలదీస్తారు. పెనాల్టీ ఇచ్చినప్పుడు ఇద్దరు కెప్టెన్లను దగ్గరికి పిలిచి, ఫౌల్ ఏమిటో, ఎక్కడ జరిగిందో పిల్లలందరికీ వినబడేలా ఒక్క వాక్యంలో చెప్పమనాలి. ఆ మాట నిబ్బరంగా చెప్పాలంటే ఆయనకు నిబంధనలు కొత్త సవరణలతో సహా తెలిసి ఉండాలి. రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘం, విద్యాశాఖ కలిసి మదనపల్లెలోనో కుప్పంలోనో డ్రిల్లు సార్లకు రెండు రోజుల రిఫరీ శిక్షణ పెట్టాలి. తెలుగులో అచ్చువేసిన నిబంధనల పుస్తకం ఒకటి చేతికివ్వాలి. వచ్చే స్కూల్ టోర్నమెంట్లు మొదలయ్యేలోపు ఈ పని చేయడానికి అడ్డేమీ లేదు.